పటం చెక్క మీద లకుముకి పిట్ట

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో అడవి జంతువుల ఫొటోలూ వీడియోలూ తీసేవాళ్ల గురించి ఒక పూర్తి పేజీ వేశారు. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, కాదనను. కానీ ఆ పేజీ చదివాక నాబోటివాడికి అర్థమయ్యింది ఏమిటంటే, ముందు లక్షల ఖరీదు చేసే లెన్సు కొనాలి, ఆ తర్వాత సెలవు పెట్టి మారేడుమిల్లో నల్లమలో పోవాలి, రూము బుక్ చేసుకోవాలి, జీపు మాట్లాడుకోవాలి, అప్పుడు గానీ మనకు ఒక పిట్ట కనపడదు అని. నేను విజయవాడ గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్లు రిపేరు చేసుకుని బతికేవాణ్ని. నాలుగు రోజులు షాపు మూసుకుని అడవికి పోతే ఆ నాలుగు రోజుల అద్దె ఎవరు కడతారు? అయినా నేనూ ఒక సినిమా తీశాను. పదకొండు నిమిషాలు. అంతా బందరు కాలువ గట్టు మీదే, బస్టాండు దగ్గర మొదలుపెట్టి యనమలకుదురు లాకుల దాకా. దాని గురించే ఈ ఉత్తరం. పొడుగైపోతుందని తెలుసు, మీకు చోటు లేకపోతే ఎక్కడైనా కోసుకోండి, పటం చెక్క సంగతి మాత్రం కోయకండి.

ఇది మొదలైంది కాలువలో కాదు, వరదలో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపంతా మునిగిన సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది, రోజూ పేజీలకు పేజీలు రాశారు. ఆ మర్నాడే కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర తగులుకున్నాయి. నా వరద మాత్రం ఆ తర్వాత వారం పది రోజులకు వచ్చింది. ఫోన్లు. క్యారీబ్యాగుల్లో, టిఫిన్ డబ్బాల్లో, ఒకాయనైతే ఇంట్లోవాళ్లవి నాలుగూ కలిపి తువ్వాల్లో మూటగట్టుకొచ్చాడు. ఛార్జింగ్ పెట్టే చోట బురద గట్టిపడి ఉండేది, పళ్లు తోముకునే బ్రష్షుతో గీకి, స్పిరిట్‌తో కడిగి, బోర్డు ఆరబెట్టి చూసేవాణ్ని. చాలామందికి ఫోను అక్కర్లేదు, అందులో ఫొటోలు వస్తే చాలు అనేవాళ్లు. వాటిలో ఒక పెద్దావిడ ఫోను. డేటా వచ్చిందో లేదో చూద్దామని చివరి వీడియో నొక్కాను. నలభై సెకన్లుంటుంది. ఇంట్లో మెట్లు, మోకాలు పైన నీళ్లు, మూడో మెట్టు మీద ఒక నీరుకట్టె పాము చుట్టచుట్టుకుని ఉంది, వెనకనుంచి ఆవిడ గొంతు: "అది మూడో మెట్టు మీదుంటే మనం అయిదో మెట్టు మీదుందాం, నీళ్లు పెరిగితే అప్పుడు చూద్దాంలే."

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. ఆవిడ ఫోను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, "అమ్మా, ఆ పాము వీడియో నేను ఉంచుకోవచ్చా, ఎక్కడన్నా చూపించుకోవచ్చా" అని అడిగితే "పాము నీకెందుకయ్యా" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. "ఉంచుకో, మాక్కావాల్సింది మా మనవరాలి బారసాల ఫొటోలే" అని వెళ్లిపోయింది. నా సినిమాలో మొదటి షాటు అదే. నేను తీసింది కూడా కాదు.

నీరుకట్టె విషం లేని పాము, చేపలూ కప్పలూ తిని నీళ్ల పక్కన బతుకుతుంది. బుడమేరు కొల్లేటికి పోయే ఏరు. ఏటి దారిలో మనం మెట్లు కట్టుకున్నాం, పాము ఎక్కింది. అంతకుముందు నేను రోజూ కాలువ వంతెన మీద నుంచి షాపుకి పోయేవాణ్నే, ఒక్కసారి కూడా కిందకి చూసిన పాపాన పోలేదు. ఆ వీడియో తర్వాత చూడటం మొదలుపెట్టాను. ముక్కు మూసుకునే చూశాననుకోండి.

కెమెరా అంటారా, మా షాపులో ఒక సొరుగు ఉంది, రిపేరుకిచ్చి రెండేళ్లయినా తీసుకెళ్లని ఫోన్లన్నీ దాంట్లో పడేస్తాను. అందులో ఒకటి డిస్‌ప్లే పగిలింది కానీ కెమెరా మంచిది. ఓనరుకి ఫోన్ చేస్తే "నాకొద్దు, నువ్వే ఉంచుకో" అన్నాడు. లోకల్ డిస్‌ప్లే ఒకటి వేశాను. మూడు కాళ్ల స్టాండు మూడొందల యాభై. మా ఆవిడ పాత కూలింగ్ గ్లాసుల్లోంచి ఒక అద్దం ఊడదీశాను, పోలరైజ్డ్ అద్దం అది, కెమెరా ముందు పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఒకచోట నీటి మీద మెరుపు పోయి కింద చేప కనపడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక నేను రెండు వారాలు ఆకాశాన్నే తీశాను, నీళ్లలో. తెల్లకొంగను తీసేవాళ్లకి ఇంకోటి చెప్పాలి. ఫోను తనంతట తాను వెలుతురు లెక్క వేసుకుంటే కొంగ ఉతికిన బనీనులాగా కనపడుతుంది, ఈక అన్నది ఉండదు. కొంగ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుని వెలుతురు బాగా తగ్గించుకోవాలి. జూమ్ మాత్రం ముట్టుకోకండి. పిట్టలు రోజూ వచ్చి వాలే చోట ముందే ఫోను నిలబెట్టి, రికార్డింగు నొక్కి, మనం పోయి టీ తాగాలి. గంటలో ముప్పావు గంట ఏమీ ఉండదు. మిగిలిన పావుగంటలో కాకి వచ్చి ఫోనుని పొడుస్తుంది.

ఎడిటింగు చేసింది మా మేనల్లుడు, ఇంజనీరింగు చదువుతున్నాడు. మొదట్లో వాడికిది నచ్చలేదు. "కాలువ మనుషులు తవ్విందే కదా మావయ్యా, ఇది నేచర్ ఫిల్మ్ ఎట్లా అవుతుంది" అన్నాడు. ప్రశ్న బాగానే ఉంది. 1855లో ఇంగ్లీషువాళ్లు కృష్ణ మీద ఆనకట్ట పూర్తి చేశారు, అది 1952లో గండిపడితే దాని ఎగువన ఇప్పుడున్న బ్యారేజీ కట్టి 1957లో తెరిచి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ మన ఊళ్లోంచే పోతాయి. ఒకప్పుడు ధాన్యం, కర్ర, మనుషులు అన్నీ పడవల మీదే వచ్చేవని మా తాత చెప్పేవాడు, గుణదలలో పడవలరేవు అన్న పేరు ఇప్పటికీ ఉంది, రేవులో ఇప్పుడు ఆటోలు కట్టేస్తున్నారు. అంటే ఈ కాలువ పుట్టి నూట డెబ్భై ఏళ్లు. లకుముకి పిట్ట ఎన్ని తరాలు చూసుంటుందో లెక్కేసుకో, దానికి ఇది ఎవరు తవ్వారో ఏం తెలుసురా అన్నాను. పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక 2015 నుంచి గోదావరి నీళ్లు కూడా ఇందులో కలుస్తున్నాయి, ఆ పిట్ట మింగే పరిగె చేప ఏ నదిదో కూడా మనం చెప్పలేం. వాడు ఒప్పుకున్నాడో, విసుగొచ్చి ఊరుకున్నాడో.

అసలు సినిమా కాలువ కట్టేసిన రోజుల్లో దొరికింది. వేసవిలో పంట నీళ్లు అయిపోయాక లాకుల దగ్గర షట్టర్లు దించి కాలువలు కట్టేస్తారు కదా. ఊళ్లో మనకి అది ఎప్పుడు తెలుస్తుంది? కంపు వచ్చినప్పుడు తెలుస్తుంది. నేను ఆ వారం పొద్దున్నే అయిదున్నరకల్లా అక్కడ ఉండేవాణ్ని. నీళ్లు ఒక్కసారిగా పోవు. ముందు అంచుల్లో బురద బయటపడుతుంది, గుర్రపుడెక్క గట్టు మీద వేలాడుతూ ఉండిపోతుంది, తర్వాత మధ్యలో సన్నని పాయ, ఆ పాయ కూడా తెగి అక్కడక్కడా మడుగులు. చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి. మొదటిరోజు కుర్రాళ్లు దిగి చేతుల్తో, దోమతెరల్తో పట్టారు. రెండోరోజు నుంచి పిట్టలది. గుడ్డికొంగలు, తెల్లకొంగలు, నీటికాకులు, నత్తల కోసం వచ్చే ఓపెన్‌బిల్ కొంగలు, వాటి పైముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందు ఉంటుంది, ముక్కు సరిగ్గా మూసుకోదు, నేనైతే మొదట చూసి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. పైన గద్దలు. గుడ్డికొంగని చూడండి, కూర్చున్నంతసేపూ బురద రంగే, కాళ్ల దగ్గరికి వెళ్లేదాకా కదలదు, లేచిందంటే తెల్లటి రెక్కలు తెరుచుకుని ఎక్కడిదిరా ఈ కొంగ అనిపిస్తుంది. అది లేచే క్షణం కోసం నేను మూడు పొద్దులు కూర్చున్నాను. దొరికింది, వెనక సిటీ బస్సు అడ్డం వచ్చింది. బస్సుతోనే ఉంచాను.

మడుగు మూడోరోజుకి సగమైంది, అయిదోరోజుకి మా షాపంత అయింది. చిన్నచేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. కొర్రమీను, మార్పు చేప మాత్రం బతికాయి, అవి పైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలవు కాబట్టి తడి బురదలో కూడా కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. ఇదంతా నాకు చెప్పింది అక్కడ వల వేసుకునే ఒక పెద్దాయన. బాబాయ్ అనే పిలిచేవాణ్ని, ఆయన నన్ను "ఏమయ్యా సినిమా" అనేవాడు. సినిమాలో గొంతు ఆయనదే. నేను రాసుకొచ్చిన వ్యాఖ్యానం ఒకటుండేది, "ప్రకృతి ఒడిలో" అంటూ మొదలయ్యేది, సిగ్గేసి చింపేశాను.

ఇప్పుడు పటం సంగతి. నీళ్లు పోయాక కాలువ అడుగున ఏముంటుందో అందరికీ తెలుసు. కవర్లు, సీసాలు, పాత పరుపులు, వినాయకుడి బొమ్మల లోపలి వెదురు, ఇంట్లో పాతబడిన దేవుడి పటాలు. పటాన్ని చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు, కాలువలో వేస్తే నిమజ్జనం చేసినట్టు, మా ఇంట్లోవీ అలాగే వేశాం, ఇంకొకరిని అనడం లేదు. ఆ మడుగు పక్కన బురదలో ఒక పటం ఏటవాలుగా దిగబడి ఉంది. అద్దం లేదు, బొమ్మ నాని పోయింది, ఏ దేవుడో కూడా తెలియదు, చుట్టూ చెక్క ఫ్రేము మాత్రం ఉంది. దాని పైమూల మీద నలుపు తెలుపు లకుముకి. రొమ్ము మీద పట్టీ ఒకటే, అదీ మధ్యలో తెగి ఉంది, అంటే ఆడపిట్ట, మగదానికైతే రెండు పట్టీలుంటాయి. లేస్తుంది, మడుగు మీద గాల్లో ఒకేచోట నిలబడి టపటపా రెక్కలు కొట్టుకుంటుంది, తల మాత్రం గోడకి కొట్టిన మేకులాగా కదలదు, రాయి పడ్డట్టు పడుతుంది, చేపతో వచ్చి మళ్లీ ఆ చెక్క మీదే వాలి, చేపని చెక్కకేసి అటొకటి ఇటొకటి బాది మింగుతుంది. గంటన్నరలో తొమ్మిదిసార్లు దూకింది, అయిదు చేపలు. అంత నిండుగా నేను జీవితంలో ఏదీ తీయలేదు, మా పెళ్లి వీడియోతో సహా.

ఊళ్లో ఒక సంస్థ షార్ట్ ఫిల్ముల పోటీ పెడితే పంపాను. పేరెందుకు లెండి. ఫోన్ చేసి బాగానే మాట్లాడారు. "పిట్ట షాట్లు బాగున్నాయండి, ఆ చెత్త తీసేయండి, పటం ఉంటే గొడవలవుతాయి, ముసలాయన మాట మోటుగా ఉంది, దాని బదులు ఫ్లూటు వేయండి" అన్నారు. ఆశ కదా, ప్రయత్నం చేశాను. మేనల్లుడూ నేనూ రాత్రి రెండింటిదాకా కూర్చుని కత్తిరించాం. కవర్లు పక్కకి పోయాయి. పరుపు పోయింది. పటం దగ్గరికి వచ్చేసరికి, చెక్క తీసేస్తే పిట్ట గాల్లో కూర్చున్నట్టుంది. వాడు కంప్యూటర్లో ఏదో చేసి చెక్క బదులు కొమ్మ పెట్టాడు, ఆకులతో సహా. చూడముచ్చటగా ఉంది. ఏ కేరళలోనో తీసినట్టుంది. కానీ అక్కడ కొమ్మ ఎక్కడుందండీ? ఆ గట్టు మీద ఉన్నది ఇనప రెయిలింగు, దాని మీద జనం చేతులానించుకుని నిలబడతారు. కొమ్మ లేదు కాబట్టే ఆ పిట్ట పటం మీద కూర్చుంది. కొమ్మ పెడితే కొమ్మ ఉన్నట్టే కదా జనం అనుకునేది, ఇంక కాలువ పక్కన చెట్టు కావాలని ఎవడడుగుతాడు? ఉన్నది ఉన్నట్టే పంపాను. బహుమతి రాలేదు. పోనీండి.

నా గొడవంతా ఇదే, ఎడిటర్ గారూ. పిట్టల వీడియోలు తీసేవాళ్లం అందరం ఫ్రేము లోంచి చెత్త పక్కకి జరిపి తీస్తున్నాం. మీ ఆదివారం పేజీలోనూ అన్నీ అలాంటి ఫొటోలే. నేను ఉప్పలపాడు కూడా వెళ్లాను ఒక ఆదివారం, గుంటూరు పక్కనే, ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, వందల్లో, ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటున్న తీరు చూస్తే ముచ్చటేసింది. మంచి షాట్లు వచ్చాయి. సినిమాలో ఒక్కటీ పెట్టలేదు. ఎందుకంటే అక్కడ పిట్టలున్నాయని అందరికీ తెలుసు, చూడటానికి టవరు కూడా ఉంది. బందరు కాలువలో ఉన్నాయని చెప్తే మా పక్క షాపు ఆయన నవ్వాడు.

నేను చేసిన తప్పు కూడా రాస్తాను, లేకపోతే ఏదో పెద్ద నీతిమంతుణ్ని అనుకుంటారు. మే నెలలో గట్టు పక్కన కంకర కుప్పల దగ్గర తీతువు పిట్ట గుడ్లు పెట్టింది, గూడేమీ ఉండదు, రాళ్ల మధ్య రాళ్లలాగే నాలుగు గుడ్లు. క్లోజప్పు కోసం స్టాండు దగ్గరగా పెట్టి నేనూ పక్కనే చతికిలబడ్డాను. తీతువు నా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే అపశకునం అంటారు కదా మనవాళ్లు, నాకు అరుపు మంచి సౌండు దొరికిందని సంతోషం. బాబాయ్ దూరం నుంచి చూసి వచ్చి, ఎన్నడూ లేనిది, తిట్టాడు. "లెగవయ్యా ముందు. అది అరిచేది శకునం చెప్పడానికా? ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయ్. నువ్వు పోతేగాని అది కూకోదు." లేచి రోడ్డు అవతలికి పోయాను. అక్కడ నుంచి చూస్తే, ఆ పిట్ట ముందు మడుగు దగ్గరికి పోయింది, పొట్ట నీళ్లలో ముంచుకుంది, పరుగు పరుగున వచ్చి తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. గుడ్లు చల్లబరచడానికి అది అలా నీళ్లు మోసుకొస్తుందట. నేను అక్కడ కూర్చున్న అరగంటా ఆ గుడ్లు సెగలో ఉన్నాయి, అంత గొప్ప షాటూ పోయింది, ఫోనూ మడిచిన స్టాండూ నా చేతిలోనే ఉన్నాయి. మర్నాడు మళ్లీ ప్రయత్నించలేదు. నాలుగూ పిల్లలయ్యాయో లేదో నేను చూడలేదు, చూడ్డానికి పోవడానికి మొహం చెల్లలేదు. పిట్టల వీడియోలు తీసే కుర్రాళ్లు కొందరు ఫోన్లో పిట్ట కూత పెట్టి మగపిట్టని రప్పిస్తున్నారు, గూళ్ల దగ్గర కొమ్మలు విరిచి దారి చేసుకుంటున్నారు. నా అరగంట సంగతి వాళ్లకి చెప్తూ ఉంటాను.

కూత అంటే గుర్తొచ్చింది, సౌండు. కాలువ పక్కన సౌండు తీయడం అంటే హారన్లు తీయడమే. మేనల్లుడు విసిగిపోయి ఎక్కడినుంచో ఒక పిట్టపాట దింపి పొద్దున సీను కింద వేశాడు, ఎంత తియ్యగా ఉందంటే నాకూ నచ్చేసింది. బాబాయ్‌కి ఫోన్లో చూపిస్తే మొత్తం నిశ్శబ్దంగా చూసి, "ఈ పిట్టెక్కడిది? నలభై ఏళ్లబట్టీ ఉన్నా ఈడ, నేనిన్లేదే" అన్నాడు. వెతికితే అది యూరప్‌ పిట్ట. తీసేశాం. ఇప్పుడు సినిమాలో హారన్లే ఉన్నాయి, మధ్యలో ఒకసారి గుడి మైకు, వాటి సందుల్లోంచి లకుముకి కిచకిచ. చెవి పెట్టి వింటే వినపడుతుంది. తర్వాత మైకుకి పాత స్పాంజి చుట్టి గాలి మోత మాత్రం తగ్గించాను.

నీళ్ల లోపలి షాటు గురించి ఎక్కువ చెప్పను. చిన్న అక్వేరియం గాజు తొట్టెలో ఫోను పెట్టి, తేలిపోకుండా రాళ్లు వేసి, సగం దాకా ముంచి తీస్తే చాలని విన్నాను. పద్ధతి నిజమే. మన కాలువ నీళ్లలో కనపడేది మాత్రం టీ. పాలు ఎక్కువ పోసిన టీ. ఎన్నోసార్లు ముంచితే ఒకసారి ఆరు సెకన్లు పరిగెల గుంపు అద్దానికి మూతులానించి పోయింది, ఆ ఆరు సెకన్లూ ఉంచాం.

మళ్లీ నీళ్లు వదిలిన రోజు కూడా తీశాను. నీళ్లు వస్తాయంటే నది వచ్చినట్టు వస్తుందనుకున్నా. ముందు వచ్చేది నురగ, నురగ ముందు చెత్త, చెత్త ముందు పురుగుల కోసం ఉరుకుతూ గోరింకలు, కాకులు. పటం చెక్క కొంచెంసేపు ఊగి, లేచి, తిరగబడి పోయింది. పిట్ట అప్పుడు అక్కడ లేదు. ఆ తర్వాత వానలు పడ్డాక లాకుల దిగువన గడ్డి అంచులో బాబాయ్ ఇంకోటి చూపించాడు. నీటి మీద ఎర్రగా ఒక ముద్ద, పళ్లెమంత, కదులుతోంది. దగ్గర్నుంచి చూస్తే వందల కొద్దీ కొర్రమీను పిల్లలు, అన్నీ ఒక్కసారి పైకొచ్చి గాలి మింగి ఒక్కసారి దిగుతున్నాయి, కింద నల్లగా పెద్దచేప కాపలా తిరుగుతోంది. "ఇట్టాంటప్పుడు గేలం పిల్లల మధ్యలో ఏస్తే పెద్దది ఎగబడి పట్టుకుంటది. సులువు. కిలోకి మంచి రేటు" అన్నాడు. మీరు వేస్తారా బాబాయ్ అంటే, "వయసులో ఏశా" అన్నాడు. ఆ మాట సినిమాలో ఉంది. దాని తర్వాత ఆయన ఇంకేం మాట్లాడలేదు, నేనూ కట్ చేయలేదు, అలా ఒక పదిహేను సెకన్లు పిల్లల్నే చూస్తూ ఉంటాం.

ఇక మీకు రెండు మనవులు. కాలువలు ఏ తేదీన కట్టేస్తారో, ఏ తేదీన వదులుతారో మీ జిల్లా పేజీలో రైతుల కోసం చిన్న అక్షరాల్లో వేస్తారు, అది సిటీ పేజీలో కూడా కాస్త కనపడేలా వేయండి. వారం ముందే తెలిస్తే ఆ నాలుగు రోజులూ మడుగుల దగ్గరికి బడి పిల్లల్ని తీసుకురావచ్చు, కుర్రాళ్లు ఫోన్లతో రావచ్చు. ఇరిగేషన్ వాళ్లకి కూడా మీ ద్వారా ఒక మాట: కాలువ కట్టేసిన రోజుల్లోనే పూడిక తీస్తారు, తీయాలి, దాన్ని కాదనడం లేదు. పొక్లెయిన్ నేరుగా మడుగులో దిగితే బురదతోపాటు తాబేళ్లూ కొర్రమీనులూ లారీలోకి పోతున్నాయి, నేను ఒక తాబేలుని లారీ పక్కనుంచే చేత్తో తీశాను, మేనల్లుడు నదిలో వదిలొచ్చాడు. మడుగుల్ని ఆఖర్న తీయండి. ముందు ఎండిన చోట మొదలుపెట్టండి, మడుగు దగ్గరికి వచ్చేసరికి పిట్టలు తినేవి తింటాయి, వల వేసేవాళ్లు పట్టేవి పట్టుకుంటారు, తాబేళ్లని మనుషులు దిగి ఏరొచ్చు. దీనికి పైసా ఎక్కువ ఖర్చు లేదు, పని వరస మార్చుకోవడమే.

రెండోది మీ పేపర్ గురించే. ఆ ఆదివారం పేజీలో కింద ఒక చిన్న గడి ఇవ్వండి, పాఠకులు తీసిన ఒక్క ఫొటో, తేదీ, చోటు, పిట్ట పేరు. ఏలూరు కాలువ కావచ్చు, రైవస్ కావచ్చు, ఇంటి వెనక మురుగు కుంట కావచ్చు. ఒకే షరతు పెట్టండి, పిట్ట దేని మీద కూర్చుందో అది కత్తిరించకూడదు. ఫొటో బాగా రాకపోయినా వేయండి. ఏడాది తిరిగేసరికి మన ఊళ్లో ఏ కాలువ దగ్గర ఏముందో మీ పాత పేపర్లు చూసి చెప్పొచ్చు, ఇప్పుడు నన్నెవరన్నా అడిగితే నా ఫోను తప్ప వేరే ఆధారం లేదు.

సినిమా కావాలన్నవాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపుకి వస్తే ఊరికే ఎక్కించిస్తాను. సినిమా మొత్తం పూర్తయ్యాక లాకుల దగ్గరే టీ కొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి బాబాయ్‌కి, ఇంకో పదిమందికి వేశాం. పటం షాటు వచ్చినప్పుడు ఒకామె లేచి దగ్గరికొచ్చి స్క్రీన్ చూసి, "ఇది మాదే, వెంకటేశ్వరసామి పటం" అంది. ఎలా గుర్తుపట్టావమ్మా, బొమ్మే లేదు కదా అంటే, మూల దగ్గర మేకు వాళ్లాయన కొట్టిందట, వంకరగా. మళ్లీ వెనక్కి తిప్పి ఆ పిట్టని రెండుసార్లు చూపించమంది.

ఇట్లు,
సెల్ రిపేరు షాపు, గవర్నర్‌పేట, విజయవాడ.

తా.క.: కాలువ దగ్గర వీడియో తీస్తూ ఫోను నీళ్లలో పడేసుకుంటే వెంటనే స్విచ్ఛాఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టకండి, దయచేసి బియ్యంలో మాత్రం పెట్టకండి. నీళ్లు పోవడం సంగతి దేవుడెరుగు, ఛార్జింగు పెట్టే చోట తవుడు చేరి అది తీయడానికి నాకు ఇంకో గంట పడుతుంది.